ఉదయగిరి, భైరవకోన, మధ్యలో ఒక లాడ్జి

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని ఉదయగిరి గుళ్ళ గురించి, భైరవకోన గుహాలయాల గురించి రాయబోతే ప్రతి వాక్యంలోనూ ఆ గుమాస్తా ముఖం అడ్డం వస్తోంది.

ఫోనులో మాట్లాడినప్పుడు నలుగురికి సరిపడే గది, ఏసీ, వేడినీళ్ళు, ఇరవై నాలుగు గంటల లెక్క, అంతా కలిపి 1,800 రూపాయలు అన్నాడు. "అంతా కలిపేనా?" అని రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాను. రాత్రి ఏడున్నరకు చేరాం. గదిలో మంచాలు రెండు. వాటిని దగ్గరికి జరిపి, నలుగురి గది అంటే ఇదే అన్నాడు. కింద వేసుకోవడానికి పరుపు కావాలంటే 300. సరే, ఒప్పుకున్నాం. ఏసీ గోడకు ఉంది కాని రిమోటు లేదు. అడిగితే, "రిమోటు కౌంటరులో ఉంటుందమ్మా, దానికి వేరే నాలుగు వందలు" అన్నాడు. పోనీ ఫ్యాను వేసుకుందామంటే, అది తిరిగినంతసేపూ ఎవరో మూలన కూర్చుని కొబ్బరి కోరుతున్న చప్పుడు. కిటికీ తెరిస్తే పక్కనే మురుగుకాలువ, దోమలు. కార్తీక మాసపు చలిలో నాలుగు వందలు పోసి చల్లగాలి కొనుక్కున్న ఘనత మాది.

తెల్లవారి గీజరు స్విచ్చి వేస్తే దీపం వెలగలేదు. వేడినీళ్ళు బకెట్టు 50 చొప్పున కింది నుంచి తెప్పించుకోవాలట. నాలుగు బకెట్లు, 200. తీరా స్నానాలు ముగించి, సామాను సర్దుకుని, తొమ్మిది ఇరవైకి కౌంటరు దగ్గరికి వచ్చేసరికి, గది తొమ్మిదికే ఖాళీ చేయాలి కాబట్టి ఇంకో పావు రోజు అద్దె 450 అన్నాడు. మరి ఇరవై నాలుగు గంటల లెక్క? అది ఆన్‌లైనులో బుక్ చేసుకున్న వాళ్ళకట. మొత్తం 3,150.

మా బావగారు ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు అన్యాయం కన్నా తప్పు లెక్క మీద ఎక్కువ కోపం. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, కౌంటరు మీద పెట్టి, మొదటి నుంచి కూడమన్నాడు. గుమాస్తా కూడాడు. మళ్ళీ 3,150 వచ్చింది. "కూడిక సరిపోయింది, కూడిన అంకెలే తప్పు" అన్నాడు బావగారు. దానికి గుమాస్తా, ఓనరు వచ్చాక మాట్లాడుకోండి అని టీవీ వైపు తిరిగాడు. ఓనరు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. వచ్చి, పెద్దవాళ్ళు కదా అని 250 తగ్గించాడు. రసీదు అడిగితే బిల్లు పుస్తకం అయిపోయిందన్నాడు. బావగారు 2,900 లెక్కపెట్టి ఇచ్చి, గెలిచిన ముఖంతో కారు ఎక్కారు. ఆయన పక్కన అక్క ఓడిపోయిన ముఖంతో కూర్చుంది. అప్పటికి టైము పదిన్నర.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ గంటకు పైగా పోయిన పొద్దుటి వెలుగు విలువ నాకు భైరవకోనలో తెలిసింది. ఆ మాట తర్వాత చెబుతాను. లాడ్జి పేరు, ఊరి పేరు రాయను. ఒక్క సలహా మాత్రం: ఆ చుట్టుపక్కల రాత్రి ఉండాలనుకోకండి. తెల్లవారుజామున నెల్లూరులో బయలుదేరి రెండూ చూసుకుని రాత్రికి ఇంటికి చేరడం కష్టమే కాని అసాధ్యం కాదు. లేదా రెండు ఆదివారాలు రెండుసార్లు వెళ్ళండి. మా 2,900తో రెండోసారి డీజిలు పోయించుకోవచ్చు, ఇంకా మిగులుతుంది.

ఇక అసలు ఎందుకు వెళ్ళామంటే, హంపిలో పడిన సిగ్గు వల్ల. మూడేళ్ళ క్రితం అక్కడ కృష్ణాలయం చూస్తుంటే, ఈ గుడిలో ప్రతిష్ఠించిన బాలకృష్ణుడు మొదట ఇక్కడివాడు కాడనీ, ఉదయగిరి గెలిచినప్పుడు రాయలవారు తెచ్చుకున్నాడనీ గైడు చెప్పాడు. మీది ఏ ఊరు అన్నాడు. నెల్లూరు అన్నాం. "అయితే మీ జిల్లానే కదా, చూసే ఉంటారు" అన్నాడు. నలుగురం నాలుగు వైపులకు చూశాం. నెల్లూరులో పుట్టి, నెల్లూరులోనే నెరిసి, నూరు కిలోమీటర్ల దూరంలోని ఉదయగిరిని బస్సు బోర్డు మీద తప్ప చూడని వాళ్ళం మరి.

నవంబరులో, కార్తీక పౌర్ణమి రద్దీ తగ్గాక బయలుదేరాం. నేను, మా అమ్మాయి, అక్క, బావగారు. కారు రోజుకు 2,500, డీజిలు మనది, డ్రైవరు బత్తా రోజుకు 500. బావగారు ఈ ప్రయాణానికి తెచ్చిన ఏకైక సామాను నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. పులిహోర, దద్ధోజనం, ఊరగాయ, జంతికలు. దారిలో హోటళ్ళు లేవా, ఈ క్యారియరు ఎవరు మోస్తారు అని అక్క బుచ్చిరెడ్డిపాళెం దాటేదాకా సణుగుతూనే ఉంది. సంగం దగ్గర పెన్న మీద కొత్త బ్యారేజీ చూసి కాసేపు ఆగాం. ఆత్మకూరులో ఇడ్లీ, దోసె, కాఫీ, డ్రైవరుతో కలిపి ఐదుగురికి 320. కారప్పొడి అద్దిన దోసె బాగుంది. పదిన్నరకు ఉదయగిరి.

ఊళ్ళోకి వెళ్ళకముందే కొండ కనిపిస్తుంది. 3,079 అడుగుల ఎత్తు. కొండ మీద కోట ఉంది కాని మా అక్క మోకాళ్ళు ఆ ప్రస్తావనే తేవద్దన్నాయి. కింద నుంచే మెడ ఎత్తి చూశాం. కృష్ణదేవరాయలు 1513లో వచ్చి ఈ కొండను చుట్టుముడితే, కోట చేతికి రావడానికి ఏడాది దాటింది. 1514లో ఒడిశా పాలకులైన గజపతుల నుంచి దీన్ని గెలుచుకుని, ఇటు నుంచే తిరుమల వెళ్ళి శ్రీవారికి ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేయించాడు. బాలకృష్ణుణ్ణి మాత్రం వెంట తీసుకుపోయి, 1515లో హంపిలో గుడి కట్టి నిలబెట్టాడు. ఆ విగ్రహం అక్కడా మిగల్లేదు. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఉదయగిరి, హంపి, చెన్నై. మా అమ్మాయి ఉద్యోగం బదిలీలు కూడా ఇలాగే ఉంటాయి.

కృష్ణమందిరంలో దేవుడు లేడు. ఆ సంగతి తెలిసే వెళ్ళాం కదా, అయినా అక్క కొబ్బరికాయ, పూలు కొని తెచ్చింది. ఖాళీ గర్భగుడి ముందు నిలబడి వాటిని ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూసింది. చివరికి గడప మీద పూలు పెట్టి, కాయ మాత్రం కొట్టకుండా సంచిలో వేసుకుంది. "ఎవరికని కొట్టను?" అంది నెమ్మదిగా. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

దేవుడు లేకపోతేనేం, స్తంభాలు ఉన్నాయి. విజయనగర పనితనం చూడాలంటే హంపి, తాడిపత్రి, లేపాక్షి అని ఊళ్ళు తిరుగుతాం. ఇక్కడ స్తంభాల చదరపు దిమ్మెల మీద అరచేయంత బొమ్మలు. ఒక నాట్యగత్తె, ఆమె కాలి మడమ ఇంకా నేలకు ఆనలేదు, ఆనబోతోంది. కిందివైపున వరసగా హంసలు, ఒక్కో హంస మెడ ఒక్కో తీరు. వాటిలో ఒకటి మాత్రం వెనక్కి తిరిగి తన వెనకున్న హంసను చూస్తోంది. శిల్పికి విసుగు పుట్టిందో, సరదా పుట్టిందో. మా అమ్మాయి నేల మీద కూలబడి ఆ ఒక్క హంసనే పది ఫోటోలు తీసింది. టిక్కెట్టు లేదు, పలకరించే మనిషి లేడు. మేం ఉన్న గంటలో వచ్చింది రెండు మేకలు.

రంగనాయకుల గుడి దగ్గరికి వెళ్ళాక నాకు కోపం వచ్చింది. లాడ్జి కోపం వేరు, ఇది వేరు. పెద్ద గుడి, శిథిలం. చుట్టూ సర్కారు తుమ్మ. మండపంలో రాతిపలకలు లేచిపోయి ఉన్నాయి. నిధుల కోసం తవ్వి ఉంటారని డ్రైవరు అబ్బాయి చెప్పాడు. రాయి కింద బంగారం ఉంటుందని తవ్వేవాడికి, చేతిలో ఉన్న రాయి విలువ ఎవరు చెప్పగలరు? ఒక స్తంభం మీద యాళి, అంటే సింహం లాంటి ఊహాజంతువు, దాని నోట్లో ఎవరో ఖాళీ సిగరెట్టు పెట్టె దోపి పెట్టారు. బావగారు దాన్ని తీసి, పారేయడానికి చెత్తబుట్ట కనపడక, మధ్యాహ్నం దాకా జేబులోనే పెట్టుకున్నారు. అక్క సాయంత్రం ఆ పెట్టె చూసి పెట్టిన గొడవ వేరే కథ.

ఇక్కడికి వెళ్ళేవాళ్ళు పాదాలు మూసే చెప్పులు వేసుకోండి. తుమ్మముళ్ళు రబ్బరు చెప్పును దాటి అరికాలు దాకా వస్తాయి, నాకు తెలుసు. ఎండాకాలం అయితే అసలు వద్దు. నీళ్ళు ఊళ్ళోనే కొనుక్కోవాలి.

మధ్యాహ్న భోజనం 120, ఐదుగురికి 600, గుర్తుంచుకోదగ్గది మజ్జిగ ఒక్కటే.

ఉదయగిరి వచ్చి చెక్క గరిటెలు కొనకపోతే వచ్చినట్లు కాదు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన పనితనం ఇది. నర్ది లాంటి అడవి చెక్కలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. మేం వెళ్ళిన ఇంట్లో తల్లీ కూతుళ్ళు పనిలో ఉన్నారు. తల్లి కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చెంచా కాడ బిగించి, ఆకురాయితో అంచు నునుపు చేస్తోంది. చూపు మా మీద, చేయి చెంచా మీద. మాట్లాడుతూనే మధ్యమధ్య బొటనవేలితో అంచు తడిమి, ఇంకా కావాలని తెలిస్తే మళ్ళీ రెండు గీతలు గీసేది. బేరం ఆడబోయాను, ఒప్పుకుంటాను. ఆవిడ ఏమీ అనకుండా పని మొదలుపెట్టని చెక్కముక్క ఒకటి, పూర్తయిన చెంచా ఒకటి నా చేతిలో పెట్టింది. ఇక నోరు పెగల్లేదు. సాంబారు గరిటె 120, అట్లకాడ 80, చిన్న చెంచాలు ఆరు 240, ఫోర్కు, చెంచా జత 150, దువ్వెన 50. మొత్తం 640, పైసా తగ్గించమనకుండా ఇచ్చాను. సబ్బు నీళ్ళలో నానబెట్టవద్దు, కడగగానే నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కొబ్బరినూనె రాస్తే ఏళ్ళ తరబడి ఉంటాయని చెప్పింది. అదే రోజు రాత్రి ఆ గుమాస్తాను చూశాం కాబట్టి ఆవిడ నాకు ఇంకా గొప్పగా కనిపిస్తూ ఉండవచ్చు. ఉండనీయండి.

రాత్రి సంగతి ముందే చెప్పాను.

మర్నాడు సీతారామపురం మీదుగా అంబవరం కొత్తపల్లి వైపు. చంద్రశేఖరపురం మండలంలో, నల్లమల అంచున ఉంది భైరవకోన. దారి చివర్లో అడవి దగ్గరపడుతుంది, ఫోను సిగ్నలు దూరమవుతుంది. బావగారు లాడ్జి లెక్క మళ్ళీ చేస్తున్నారు. పావు రోజు అంటే ఆరు గంటలు కదా, డబ్బులు కట్టాం కాబట్టి మనం మధ్యాహ్నం మూడు దాకా ఆ గదిలో ఉండే హక్కు ఉంది, వదిలేసి వచ్చాం అని ఆయనకు కొత్త బాధ. "ఆ గదిలో మూడు దాకానా?" అని అక్క ఒక్కసారి అడిగేసరికి ఊరుకున్నారు.

పార్కింగు దాటి కోనలోకి నడుస్తుంటే ముందు నీళ్ళ చప్పుడు, తర్వాత కోతులు, తర్వాత గుహలు. గుహలంటే సహజంగా ఏర్పడినవి కావు. నిలువు కొండరాతిని ముందు నుంచి లోపలికి తొలిచి, స్తంభాలను మిగిల్చి, గర్భగుడులు చెక్కిన ఎనిమిది శివాలయాలు. పల్లవుల కాలపు పని, ఏడు ఎనిమిది శతాబ్దాలది. కట్టడం అనకూడదు నిజానికి. కట్టేటప్పుడు రాయి తప్పితే ఇంకో రాయి పెట్టుకోవచ్చు. ఇక్కడ స్తంభం అనేది పెట్టింది కాదు, తీయకుండా వదిలింది. ఒక్క ఉలి దెబ్బ ఎక్కువ పడితే ఇక అతుకు లేదు.

మొదట్లో ఉన్న గుహలు సాదాగా ఉంటాయి. పోనుపోను పని ముదురుతుంది. స్తంభాల అడుగున సింహాలు వెనక కాళ్ళ మీద కూర్చుని, తలమీద స్తంభాన్ని మోస్తుంటాయి. మహాబలిపురం చూసినవాళ్ళకు ఆ సింహాలు చుట్టాల్లా కనిపిస్తాయి. వాకిలికి అటూ ఇటూ ద్వారపాలకులు, గద మీద చేయి ఆన్చి, పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు పీకుతున్న కాపలావాడిలా కాస్త ఒరిగి ఉంటారు. పై చూరు అంచున గూళ్ళు, గూళ్ళలోంచి తొంగిచూసే ముఖాలు. గర్భగుడికి పక్కన గోడల మీద బ్రహ్మ, విష్ణువు. ఇంకాస్త లోపలికి వంగితే గోడకు ఉలి గీతలు ఉన్నాయి. వరసగా, ఒకే వాటంగా, పైనుంచి కిందికి ఎడమకు వాలి. నేను అరచేయి పెట్టి చూశాను. గీతకూ గీతకూ మధ్య నా చిటికెన వేలు పట్టేంత చోటు. ఆ వాలును బట్టి, చెక్కినవాడు నిలబడిన వైపు, చేయి ఆడిన తీరు తెలిసిపోతున్నాయి. పన్నెండు వందల ఏళ్ళ పైచిలుకు కిందటి ఒక మనిషి భుజం కదలిక అది.

అర్చకులు ఎనిమిది లింగాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. అమరనాథ్‌లోని శశినాగలింగం, కాశీ విశ్వేశ్వరుడు, శ్రీశైలం మల్లికార్జునుడు, రామేశ్వరుడు, భర్గేశ్వరుడు, ఇలా. అందరూ ఇక్కడే ఉన్నారన్నారు. బావగారి నోటు పుస్తకం బయటికి వచ్చింది. కాశీ, రామేశ్వరం, అమరనాథ్ రైలు ఛార్జీలు నలుగురికి ఎంత మిగిలాయో ఆయన లోపల్లోపల కూడుతున్నట్లు ముఖమే చెబుతోంది. ఉదయగిరిలో కొట్టకుండా తెచ్చిన కొబ్బరికాయను అక్క భర్గేశ్వరుడి ముందు కొట్టించింది. హారతి పళ్ళెంలో 100, పార్కింగు 50. ఎవరూ ఇంత ఇవ్వమని అడగలేదు, వెనక నుంచి తొయ్యలేదు, టిక్కెట్టు వరసలు లేవు. ఆదివారం కాకపోవడం వల్ల కూడా కావచ్చు.

భర్గేశ్వరుడి దగ్గరే దుర్గమ్మ ఉంది, మూడు ముఖాల తల్లి. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు ఎదురుగా ఉన్న నీళ్ళ మీద పడి, అక్కడి నుంచి అమ్మవారి మీద పడుతుందని అందరూ చెప్పుకుంటారు. ఆ రాత్రికి జనం విరగబడతారు. మేం ఆ రద్దీ తప్పించుకున్నామని సంతోషించాం గాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క రాత్రి రద్దీని భరించి ఉండవలసింది.

ఎందుకంటే మాకు వెలుగు దొరకలేదు. ఎనిమిదింటిలో ఏడు గుహలు తూర్పు ముఖంగా ఉన్నాయి, ఒక్కటే ఉత్తరానికి. పూజసామాను అమ్మే ముసలాయన మమ్మల్ని చూసి, "ఇంకో గంట ముందు రావలసింది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు లోపలి బొమ్మలు బాగా కనిపిస్తాయి. ఇప్పుడు నడినెత్తికి ఎక్కుతోంది, లోపల చీకటే" అన్నాడు. అప్పుడు టైము పదకొండు ముప్పావు. ఇంకో గంట. సరిగ్గా ఆ గంట లాడ్జి కౌంటరు దగ్గర గుమాస్తా టీవీ చూస్తుండగా పోయింది. నేను గట్టిగానే తిట్టుకున్నాను. గుడి అని చూసుకోలేదు.

మా అమ్మాయి ఫోను లైటు వేసింది. ఫోను లైటు శిల్పానికి పనికిరాదు. ఎదురుగా కొడుతుంది కాబట్టి ముఖం సున్నం వేసినట్లు చదునైపోతుంది. ముక్కు, పెదవి, బుగ్గ తేడా తెలియదు. ఆర్పివేసి ఉసూరుమంటూ మెట్ల మీద కూర్చుంది. డ్రైవరు అబ్బాయి కోతుల నుంచి కాపాడుతూ క్యారియరును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

బావగారు ఏమీ మాట్లాడకుండా ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళారు. క్యారియరు పిడి వదులు చేసి, పైన ఉన్న గుండ్రటి మూత తీశారు. పంచె కొంగుతో తుడిచారు. గుహకు ఎదురుగా, ఎండ పడుతున్న బండ మీదికి వెళ్ళి, మూతను అటు ఇటు తిప్పారు. ముందు వెలుగు కోతి మీద పడింది. కోతి దూకింది. తర్వాత చూరు మీద, తర్వాత స్తంభం మీద, సింహం మీద. ఇంకాస్త వంచగానే వెలుగు బిళ్ళ ఒకటి జారుకుంటూ లోపలికి వెళ్ళి, గర్భగుడి పక్క గోడ మీది విగ్రహం చెక్కిలి మీద ఆగింది. పక్కనుంచి పడిన వెలుగు. ముక్కు నీడ చెంప మీద పడింది, కిరీటం అంచు తేలింది, కంటి రెప్ప కనిపించింది. రాయికి ఊపిరి పోసినట్లు అంటారు చూడండి, ఆ మాట నేను ఎన్నోసార్లు ఊరికే వాడేశాను.

"పతన కోణం, పరావర్తన కోణం. ముప్పై రెండేళ్ళు చెప్పాను, ఒక్క వెధవా వినలేదు" అన్నారు బావగారు, మూత కదలనివ్వకుండా.

"పెదనాన్నా, కొంచెం కుడివైపు" అంది మా అమ్మాయి. అలా అన్ని గుహలూ చూశాం. ఆయన చేయి నొప్పి పుడితే నేను పట్టుకున్నాను, నా చేతిలో వెలుగు వణికితే డ్రైవరు అబ్బాయి పట్టుకున్నాడు. అర్చకులు కూడా బయటికి వచ్చి చూశారు. పొదిలి నుంచి వచ్చామన్న ఒక కుటుంబం మా వెనకే నడిచింది. క్యారియరు ఎవరు మోస్తారని నిన్న అడిగిన మా అక్క, వాళ్ళతో "మా ఆయన సైన్సు మాస్టారు" అని చెప్పడం నా చెవిన పడింది.

జలపాతం రెండు వందల అడుగుల ఎత్తు నుంచి పడుతుందంటారు. నవంబరు కాబట్టి నీళ్ళు బాగానే ఉన్నాయి. బండలు జారతాయి, పెద్దవాళ్ళు కింద నుంచే చూడడం మంచిది. స్నానం చేయాలనుకునే ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటు గురించి ముందే ఆలోచించుకోండి.

భోజనం ఒక పూరిపాకలో. వెళ్ళేటప్పుడే చెప్పి వెళ్ళమని పొద్దున డ్రైవరు సలహా ఇచ్చాడు, మంచిదైంది. చెప్పకపోతే వండరు. రాగి సంగటి, గోంగూర పప్పు, వేరుశనగ పచ్చడి, పెరుగు. మనిషికి 70. సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసింది ఆ ఇంటావిడ. మా అమ్మాయి నెయ్యి వద్దంది. ఆవిడ విననట్లే పోసింది. రెండో ముద్ద అడిగితే డబ్బు తీసుకోలేదు. పులిహోర క్యారియరులో అలాగే ఉంది. నిన్నటిది కదా అని అక్క దాన్ని వాసన చూసి కుక్కలకు పెట్టించింది. బావగారు అడ్డు చెప్పలేదు. ఆయన ఆ పూట దేనికీ అడ్డు చెప్పే స్థితిలో లేరు.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. రాత్రి తొమ్మిదింపావుకు ఇంట్లో ఉన్నాం.

లెక్క అడిగేవాళ్ళ కోసం బావగారి పుస్తకం నుంచి: కారు 5,000, డీజిలు 2,400, బత్తా 1,000, లాడ్జి 2,900, మొదటిరోజు టిఫిను 320, భోజనం 600, రాత్రి టిఫిను 280, భైరవకోనలో భోజనం 350, టీ, నీళ్ళు 210, గరిటెలు 640, హారతి, పార్కింగు కలిపి 150. మొత్తం 13,850. లాడ్జి అంకె కింద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి.

ఆ కింద ఇంకో వరస ఉంది, అంకె వేయకుండా. "క్యారియరు మూత, చివరి గుహ ఎదుటి బండ మీద మరిచితిమి." ఆ క్యారియరు మా అమ్మ అక్కకు కాపురానికి పెట్టింది. మూతకు కొత్తది దొరకదు, ఆ కొలత ఇప్పుడు చేయడం లేదట. శివరాత్రికి ముందే ఒకసారి వెళ్ళి చూసి వద్దామని బావగారు రోజూ ఫోను చేస్తున్నారు. ఈసారి తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలట.